వెనక వాటాలో ఎనిమిదేళ్ళు

మా కోనసీమలో ఇల్లు ఎంత పెద్దదని ఎవరూ అడగరు. దొడ్లో ఎన్ని చెట్లున్నాయని అడుగుతారు. చెట్లంటే కొబ్బరిచెట్లే. మామిడీ పనసా ఎన్ని ఉన్నా అవి లెక్కలోకి రావు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా పిల్లని చూడకముందే ఏదో వంక పెట్టుకుని పెరట్లోకి ఒకసారి తొంగిచూసి వస్తారు. నన్ను చూడడానికి వచ్చినప్పుడు మా మామగారు అదే పని చేశారు. రాజోలు దగ్గర మా నాన్నగారి దొడ్డి చూసి తృప్తిపడ్డారు గానీ, తమకి చూపించుకోవడానికి ఒక్క చెట్టయినా లేదన్న సంగతి మాత్రం మూడుముళ్ళూ పడేదాకా బయటపెట్టలేదు.

మా ఆయన అమలాపురం కోర్టులో గుమాస్తా. నేను కాపురానికి వచ్చింది యుద్ధం ఆఖరి రోజుల్లో. ఒక ట్రంకుపెట్టె, రెండు బొంతలు, ఇత్తడి బిందె పడవలో వేసుకుని కాలవ మీద వచ్చాం. రేవులో దిగాక ఆయన నెమ్మదిగా చెప్పారు, ఇల్లు ఇంకా కుదరలేదని. పగలంతా కోర్టులో నలుగురి మాటలూ రాసి రాసి ఆయనకి ఇంట్లో మాట్లాడే ఓపిక మిగిలేది కాదు. చెప్పి తీరవలసిన మాటని ఆఖరి నిమిషందాకా దాచుకోవడం ఆయన అలవాటు. నాలుగు రోజులు వాళ్ళ దూరపు బంధువుల ఇంట్లో తలదాచుకున్నాం. అయిదో రోజున మామ్మగారి వెనక వాటా దొరికింది.

పిల్లాజెల్లా లేకపోయినా ఆవిణ్ణి వీధిలో అందరూ మామ్మగారనే పిలిచేవారు. భర్త పోయి అప్పటికే ఇరవై ఏళ్ళు. పెంకుటింటికి మధ్యలో గోడ పెట్టించి ముందు వాటాలో తను ఉండి, వెనక వాటా అద్దెకిచ్చేవారు. మాకు రెండు గదులు, వంటకి తాటాకు పంచ. నుయ్యి ఉమ్మడి. పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు ఆవిడవే. ఆ ఇల్లూ, చుట్టూ ఉన్న కుంచెడు, అంటే పది సెంట్ల, నేలా తప్ప ఆవిడకి ఇంకో ఆస్తి లేదు. అద్దె ఏడు రూపాయలన్నారు. కాగితం రాసుకోలేదు. నూతి గట్టు మీద అంట్లు తోమవద్దని, దీపాలవేళ తలుపు మూసి ఉంచవద్దని, రెండే షరతులు పెట్టారు. మిగిలినవన్నీ మర్యాదస్తులకి చెప్పనక్కర్లేదని ఆవిడ ఉద్దేశం.

మర్యాద అంటే మా వాళ్ళకి ప్రాణం. ఎదుటివాడు ఏమన్నా ముందు ఆయ్ అంటాం, తర్వాత ఆలోచించుకుంటాం. మనసులో ఉన్నది చెప్పడానికి పదిసార్లు వీధి గుమ్మందాకా వెళ్ళి, వర్షాల గురించి మాట్లాడి తిరిగి వచ్చేస్తాం. మొహమాటానికి పోయినదానికి ఏమైందో చెప్పే సామెత ఒకటుంది. అందరికీ తెలిసినదే కనక పూర్తిగా రాయను.

ఆ మరుసటి ఏడు నాకు మొదటి కాన్పు. పుట్టింటికి వెళ్ళాలి. అయితే ఆ శ్రావణంలో గోదావరికి వరద వచ్చి పడవలు ఆగిపోయాయి. అమ్మ అక్కడ, నేను ఇక్కడ. మామ్మగారే మంత్రసానిని పిలిపించి పురుడు పోశారు. నెల్లాళ్ళు తన చేత్తో పథ్యం వండి పెట్టారు. బాలింతలకిచ్చే కాయం ఉండ నోట్లో పెట్టి, నేను మింగేదాకా ఎదురుగా కూర్చునేవారు. చేదుకి నేను మొహం చిట్లిస్తే, ఇంతకంటే చేదువి మింగవలసి వస్తాయిలే అని నవ్వేవారు. నాకు ఆడపిల్ల పుట్టింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పసిబిడ్డకి పోసిన నీళ్ళు వృథాగా పోనివ్వరు. అవి పారేచోట ఒక కొబ్బరిమొక్క పెడతారు. రెండు పూటలా నీళ్ళు పడతాయి కనక, బిడ్డ నడక నేర్చేసరికి మొక్క వేరు పట్టేస్తుంది. వరద తీశాక మా అమ్మ పంపిన కాయల్లో ఒకటి మంచం కింద ఉండిపోయి మొలకెత్తింది. మొలకొచ్చిన కాయ పచ్చడికి పనికిరాదు, దేవుడికి కొట్టకూడదు, పారేయడానికేమో కొబ్బరి ఊళ్ళో పుట్టినదానికి చెయ్యి రాదు. ఒకరోజు పొద్దున్నే పలుగు తీసుకుని, నీళ్ళు పారే మూల మోకాటిలోతు గొయ్యి తీసి, గుప్పెడు ఉప్పు వేసి కాయ పాతిపెట్టాను. పిల్ల నిద్ర లేవకముందే ఆ పని అయిపోయింది.

సాయంత్రం ఆయన కోర్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ చూశారు.

"మామ్మగారిని అడిగేవా?" అన్నారు.

ఒక్క మొక్కకి అడగడమేమిటి అన్నాను. అప్పుడు ఆయన, ఎప్పుడూ లేనిది, విడమరిచి చెప్పారు. కోర్టుకి వచ్చే నేల తగాదాల్లో చాలావాటికి మొదలు కొబ్బరిచెట్టేనట. ఒకరి నేలలో ఇంకొకరు చెట్టు పెట్టి పెంచితే, అది కాపుకొచ్చేసరికి పెట్టినవాడు ఆ నేల మీద ఏదో ఒక హక్కు చెప్పుకోవడానికి చూస్తాడట. అందుకే అద్దెకున్నవాళ్ళు బీరపాదు పెట్టుకుంటారు, ఆనపపాదు పెట్టుకుంటారు, అరటిపిలక కూడా పెట్టుకుంటారు గానీ కొబ్బరి జోలికి పోరు. అంతా చెప్పి, రేపు ఆవిడతో నేను మాట్లాడతాలే అన్నారు. ఆ రేపు రాలేదు. నేనూ వెళ్ళి చెప్పలేదు. కన్నతల్లిలా పురుడు పోసిన మనిషి దగ్గరికి వెళ్ళి, మీ నేల మీద నాకు ఆశ లేదండీ అని ఎలా అంటాను? అలా అంటే ఆవిణ్ణి అవమానించినట్టే అనుకున్నాను.

మూడో రోజున మామ్మగారు నూతి దగ్గరికి వచ్చి మొక్కని చూశారు. చేదతాడు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు.

"మంచిచోట పెట్టేవమ్మాయ్" అన్నారు.

"ఆయ్" అన్నాను.

దాంతో నా మనసు కుదుటపడింది. ఆవిడ ఏమీ అనుకోలేదని, పైగా మెచ్చుకున్నారని ఆ పూట ఆయనతో గొప్పగా చెప్పాను. ఆయన కూడా తన మీది బరువు తీరినట్టు తల ఊపి అన్నం తిన్నారు.

ఊరు పెరగడం నేను ఆ పెరట్లో నిలబడే చూశాను. నేను వచ్చిన కొత్తలో మా వెనక గోడ అవతల వరిచేలు ఉండేవి. నాట్ల రోజుల్లో పాటలు వినపడేవి. రెండేళ్ళు తిరిగేసరికి అక్కడ ఎడ్లబండ్లు బారులు తీరాయి. మాది కాలవల మధ్య నేల. పల్లంలో పునాది తీస్తే మొదటి వరదకే ఇల్లు నీళ్ళలో కూర్చుంటుంది. అందుకని ఎక్కణ్ణుంచో మన్ను తవ్వి బండ్ల మీద తెచ్చి, పల్లం పూడ్చి, మెరక చేసి అప్పుడు ఇల్లు కడతారు. పొద్దున లేచింది మొదలు బండ్లవాళ్ళ అదిలింపులు, మన్ను దిమ్మిసాలు కొట్టే చప్పుడు. ఏళ్ళ తరబడి ఆ చప్పుడు ఆగలేదు.

యుద్ధంలో సముద్రం అవతలి నుంచి రావలసిన కొబ్బరి రావడం మానేసింది. దాంతో మా కొబ్బరికి గిరాకీ వచ్చింది. తోటలున్నవాళ్ళ చేతుల్లో ఎన్నడూ చూడనంత డబ్బు ఆడింది. పల్లెల్లో దాన్ని పెట్టుకునే దారి లేక, పిల్లల చదువుల పేరు చెప్పి అమలాపురంలో స్థలాలు కొన్నారు. మాలాంటి జీతగాళ్ళు కోర్టుకీ స్కూళ్ళకీ ఆఫీసులకీ వచ్చిపడి అద్దెలకి తిరిగారు. పైగా పిల్లలు బతకడం మొదలుపెట్టారు. మా అమ్మ ఎనిమిదిమందిని కని నలుగుర్ని దక్కించుకుంది. నేను కన్న నలుగురూ దక్కారు. టీకాలో, దోమలమందో, దేవుడి దయో తెలీదు గానీ, ఏ వాటాలో చూసినా అయిదారుగురు పిల్లలు. వాళ్ళు బతికినందుకు అందరం సంతోషించాం. పడుకోబెట్టడానికి చోటు చాలడంలేదని కూడా అందరం సణుక్కున్నాం.

పశువుల పాకకి సున్నం కొట్టి మనుషులకి అద్దెకిచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఒకే ఇంట్లో నాలుగు పొయ్యిలు వెలిగేవి. తరతరాలుగా నేలని కుంచాల్లో చెప్పుకున్న ఊళ్ళో, ఫలానావారి స్థలం గజం ఎంతకి పోయిందని మాట్లాడుకోవడం మొదలైంది. మగవాళ్ళు అరుగుల మీద చేరితే ఇంకో మాట ఉండేది కాదు. ఎవరికి ఎంత వచ్చిందో చెప్పుకునేటప్పుడు వాళ్ళ గొంతుల్లో అసూయ దాగేది కాదు. స్థలం ఉండి అమ్ముకోనివాణ్ణి వెర్రివాడనేవారు.

మా వీధిలో ఏడు రూపాయల వాటా పన్నెండయింది. తర్వాత పదహారయింది, ఇరవై అయింది. మా అద్దె మాత్రం ఏడు రూపాయలే. మామ్మగారు ఒక్కసారి కూడా పెంచమని అడగలేదు. ఈ సంగతి నేను పేరంటాల్లో చెప్పుకుని మురిసిపోయేదాన్ని. మేమంటే ఆవిడకి ప్రాణమండీ అనేదాన్ని. మిగతా ఆడవాళ్ళు నా అదృష్టానికి నోళ్ళు వెళ్ళబెట్టేవారు. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే కళ్ళెదుట కనపడుతున్నదేదీ నేను చూడలేదు. ఆవిడ పెరట్లోకి రావడం తగ్గించారు. దింపు రోజున మాత్రం వచ్చి, తన నాలుగు చెట్ల కాయలూ దింపించుకుని, ఆ మూలకేసి చూడకుండా వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి ఒంటిపూట భోజనం మొదలుపెట్టారు. పుణ్యం కోసమనుకున్నాను. చేతికుండే సన్నటి బంగారు మురుగు ఒక ఏడు కనపడలేదు. అడిగితే బాగుండదని ఊరుకున్నాను. చివరికి ఆవిడకి బియ్యం కూడా మేనల్లుడు పంపితేనే అన్న పరిస్థితి వచ్చింది.

ఆ మేనల్లుడు ఆవిడ తమ్ముడి కొడుకు. కొత్తపేట వైపు వాళ్ళ ఊరు. కురిడీల, అంటే ఎండుకొబ్బరికాయల, వ్యాపారంలో నాలుగు డబ్బులు చేసుకున్నాడు. మంచి మాటకారి. నన్ను అక్కయ్యగారూ అని పిలిచేవాడు. వచ్చినప్పుడల్లా నూతి దగ్గర కాళ్ళు కడుక్కునే వంకతో పెరట్లోకి వచ్చి, మొక్క బాగా ఎదిగిందండీ అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని. మొక్కని మెచ్చుకుంటే మా అమ్మాయిని మెచ్చుకున్నట్టే ఉండేది నాకు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది చెట్టు తొలిగెల వేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి మేనల్లుడు ఒక ఆదివారం వచ్చి, ముందు అరుగు మీద మా ఆయన్ని కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. మామ్మగారు ఇల్లూ స్థలమూ తన పేర రాసేశారట. రిజిస్ట్రీ కూడా అయిపోయిందట. స్థలం కొనే మనిషి సిద్ధంగా ఉన్నాడట. రెండు నెలల్లో ఖాళీ చేస్తే ఆ రెండు నెలల అద్దె కూడా వదిలేస్తానన్నాడు. ప్రతి మాటకీ అండీ తగిలిస్తూ, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు. లేచి వెళ్ళేముందు నవ్వుతూ, ఏకులా వచ్చి మేకులా దిగబడే కాలం కదండీ ఇది, మిమ్మల్నని కాదు, అన్నాడు.

ఆయన లోపలికి వచ్చి ఈ సంగతి చెబితే నేను నమ్మలేదు. ఆవిడ మాతో అనకుండా అలాంటి పని చేయరని నా ధీమా. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ముందు వాటాలోకి వెళ్ళాను. మామ్మగారు నేల మీద కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తున్నారు. మామూలుగా అయితే ఎండల గురించి ఒక మాట, పిల్లల గురించి ఒక మాట మాట్లాడి అప్పుడు అసలు సంగతికి రావాలి. ఆ రోజు నాకు అంత ఓపిక లేకపోయింది.

"ఇల్లు రాసిచ్చేసేరా మామ్మగారూ?"

"రాసిచ్చేసేను."

"ఎందుకండీ?"

ఆవిడ చేతిలో కత్తి పక్కన పెట్టారు. "చెట్టు కాపుకొచ్చింది కదమ్మాయ్" అన్నారు.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత ఆవిడే చెప్పుకుంటూ పోయారు. ఆవిడ కొత్తకోడలిగా ఉన్నప్పుడు మామగారికి కాలవగట్టున అరెకరం తోట ఉండేదట. దానికి కాపలా ఉన్నతను పది మొక్కలు పెట్టాడట. మర్యాదకి పోయి ఆ ముసలాయన ఏమీ అనలేదట. చెట్లు కాపుకొచ్చాక తగాదా కోర్టుకెక్కింది. చెట్లు ఎవరు పెట్టారని అడిగితే మేం పెట్టలేదని చెప్పవలసి వచ్చింది. చివరికి రాజీపడి సగం తోట వదులుకున్నారు. ఆ బెంగతోనే మామగారు మంచం పట్టారట. నా మొక్కని చూసిన రోజున ఆవిడకి ఇదంతా గుర్తొచ్చింది. ఆ మేనల్లుడు ఏడాదికోసారి వచ్చి గుర్తుచేస్తూనే ఉన్నాడు. అద్దెకున్నవాళ్ళని కదపడానికి వీల్లేకుండా చట్టం వచ్చిందని, మా ఆయనకి కోర్టులో అందరూ తెలుసని, చెట్టు కాయలు రాలేదాకా ఆగితే ఇల్లు ఆవిడకి దక్కదని చెప్పాడు. తన పేర పెడితే తను చూసుకుంటానన్నాడు. ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లోనే ఉండవచ్చన్నాడు.

"నేనలాంటిదాన్నాండీ?" అన్నాను.

"కాదనే అనుకున్నాను. కానీ నువ్వు అడగలేదు. అడిగుంటే దానికి నేనే నీళ్ళు పోద్దును."

"మీరైనా ఒక మాట అనవలసిందండీ."

"చంటిపిల్ల తల్లివి. ఏమనను? ఆ తర్వాత భయమేసింది."

అద్దె ఎందుకు పెంచలేదో కూడా అప్పుడే తెలిసింది. పెంచమంటే మేము చెట్టు చూపించి ఎదురు తిరుగుతామనుకున్నారట. నేను ప్రేమ అనుకుని ఊరంతా చాటుకున్నది భయం. మేము ఏడు రూపాయలిచ్చి రెండు పూటలా నాలుగు పదార్థాలతో భోజనం చేస్తుంటే, గోడ అవతల ఆవిడ ఒంటిపూట తిన్నారు. మురుగు అమ్ముకున్నారు. మేనల్లుడి బియ్యానికి చెయ్యి చాచారు. మొదట నాకు కోపమే వచ్చింది. ఏడేళ్ళు నన్ను దొంగలా చూసిందా ఈవిడ అనుకున్నాను. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగాలని నాకు తెలుసు, ఎందుకడగాలో ఆయన విడమరిచి చెప్పారు, అయినా అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నేను పోయాకే అమ్ముతానన్నాడు. కాగితంలో ఆ మాట లేదట" అన్నారు మామ్మగారు. "నన్ను వాళ్ళ ఊరు తీసుకుపోతాడట."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. పురుడు పోసిన రోజుల తర్వాత మళ్ళీ అప్పుడే.

"ఇన్నాళ్ళూ ఏమీ అడగలేదమ్మాయ్. ఇప్పుడు అడుగుతున్నాను. మీరు ఖాళీ చెయ్యకండి. మీరుండగా ఎవడూ కొనడు. ఎవడూ కొనకపోతే నన్నిక్కడే పోనిస్తాడు."

"ఆయ్, ఉంటామండీ" అన్నాను. ఆ మాట మనసారా అన్నాను. అందులో అబద్ధం లేదు.

సాయంత్రం ఆయనతో చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. చట్టం మన పక్కనే ఉంది, పట్టుపడితే మూడు నాలుగేళ్ళు ఎవరూ కదపలేరు అన్నారు. అయితే కోర్టు గుమాస్తా తన కోర్టులోనే ప్రతివాదిగా నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు? అవతలి వకీలు మొట్టమొదట చెట్టు సంగతే ఎత్తుతాడు. అద్దెకి వచ్చి స్థలం కాజేయబోయారని రాస్తాడు. "ఆ కాగితానికి నకలు నేనే రాయాలి" అన్నారు.

నేను నోటికి వచ్చినట్టు అరిచాను. ఆవిడ పెట్టిన పథ్యం తిని బతికానని, మాట ఇచ్చి వచ్చానని, నీకు కోర్టు మర్యాద కావాలిగానీ మనిషి అక్కర్లేదని అన్నాను. ఎప్పుడూ ఆయన్ని నువ్వు అనలేదు, ఆ రోజు అన్నాను. ఆయన పది రోజుల తర్వాత, అలవాటు ప్రకారం ఆఖరి నిమిషంలో, ఇంకో వీధిలో రెండు గదులు చూశానని, అద్దె ఇరవైరెండని, ఎల్లుండి బండి వస్తుందని చెప్పారు.

నేను కదలనని కూర్చుంటే ఆయన ఏమీ చేయగలిగేవారు కాదు. అది నాకు తెలుసు. అయినా సామాను సర్దాను. దావా అంటే నాకూ భయమే. నలుగురు పిల్లల్ని పెట్టుకుని ఏ రోజున ఎవరు వచ్చి ఏం అంటారో అన్న గుబులుతో నాలుగేళ్ళు బతకడానికి నాకూ ధైర్యం చాలలేదు. తప్పంతా ఆయన మీదికి నెట్టేసి అంట్లూ గుడ్డలూ మూటకట్టాను.

మామ్మగారికి ముందుగా చెప్పనేలేదు. బండి వచ్చి గుమ్మంలో ఆగితే ఆవిడే బయటికి వచ్చి చూశారు. వెళ్ళొస్తామండీ అన్నాను. ఆవిడ మా అమ్మాయి తల నిమిరి, మంచిదమ్మా అన్నారు. మాట తప్పావనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నెల తిరగకుండా ఆవిణ్ణి వాళ్ళ ఊరు తీసుకుపోయారు. ఇల్లు విప్పేసి పెంకు అమ్మేశారు. అయిదు చెట్లూ కొట్టేశారు. కుంచెడు నేలనీ మూడు ముక్కలు చేసి అమ్మితే వచ్చినంత డబ్బు ఆ వీధిలో అంతకుముందు ఎవరికీ రాలేదని చెప్పుకున్నారు. మూడు ముక్కల్లోనూ మూడు ఇళ్ళు లేచాయి. ఆ దారిన వెళ్ళవలసి వస్తే నేను చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

ఆ పై ఏడు వేసవిలో మనసు ఆగక, కొత్తపేట వైపు వెళ్ళే బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. మేనల్లుడి భార్య మర్యాదగానే పలకరించి, మజ్జిగ ఇచ్చి, వెనక వసారాలోకి దారి చూపించింది. మామ్మగారు చాప మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆవిడ పెట్టె. ధాన్యం బస్తాలకి చోటు కావలసినప్పుడల్లా ఆ చాపా పెట్టే ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుగుతాయని మాటల్లో తెలిసింది. చాలా చిక్కిపోయారు. నన్ను చూసి నిజంగా సంతోషించారు. పిల్లల్ని ఒక్కొక్కరినీ అడిగారు. కొత్త వాటా అద్దె ఎంతని అడిగి, ఇరవైరెండని చెబితే, అంత అద్దె పోసి ఎలా నెట్టుకొస్తున్నారమ్మా అని మా కోసం బాధపడ్డారు.

"ఇక్కడ బాగానే చూస్తున్నారాండీ?" అన్నాను.

"తిండికి లోటు లేదు. అద్దె కూడా లేదు" అన్నారు. పెట్టె మీద చెయ్యి వేసి, "అద్దె ఇచ్చేదాన్నయితే ఈ మూల నాదీ అని అనొచ్చును" అన్నారు.

నేను ఇక ఉండబట్టలేక, మా దగ్గరికి వచ్చేయండి మామ్మగారూ, ఇప్పుడే నాతో బయల్దేరండి అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు.

"గదులెన్ని?"

"రెండండి."

"నలుగురు పిల్లలు. మీ అత్తగారు కూడా వచ్చి ఉంటున్నారన్నావు."

"ఆయ్."

"నేనెక్కడ పడుకోను?"

ఆవిడ కాసేపు చూసి, నా చేతిలో ఖాళీ గ్లాసు తీసుకుని కింద పెట్టారు. "రమ్మన్నావు. చాలమ్మా. నేను రాను" అన్నారు.

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట, మా ఆయనకి కూడా చెప్పనిది, ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ రానన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. గుండె మీంచి బరువు దిగినట్టయింది. రమ్మని అన్న క్షణం నుంచీ, ఎక్కడ వస్తానంటారోనని లోపల భయపడుతూనే ఉన్నాను. మా అత్తగారేమంటారో, మంచం ఎక్కడ వేయాలో, ఇంకో మనిషికి బియ్యం ఎలా అని ఆలోచించుకుంటూనే ఉన్నాను. ఆవిడ అది నా మొహంలో చదువుకునే రానన్నారు. బస్సులో తిరిగి వస్తూ, చోటు లేదు కదా, నేనేం చేయను అని అమలాపురం వచ్చేదాకా నాకు నేను చెప్పుకున్నాను.

ఆ కార్తీకంలో ఆవిడ పోయారని కబురు వచ్చింది. అప్పటికి మా ముందు వసారాకి తడికలు కట్టించి, ముంగండ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడికి అద్దెకిచ్చి నాలుగు నెలలయింది. అందులో అతని మంచం పట్టింది, పెట్టె పట్టింది, గోడవారగా ఇంకొంత చోటు మిగిలింది కూడా.